తల్లి ముఖం తొంభై నాలుగు శాతం

ఈ దేశంలో పిల్లలకు అన్నిటికన్నా క్షేమమైన చోటు చిత్తూరులో మా అక్క కూతురు తేజస్విని చదివే బడి గేటు లోపల. ఇందులో సందేహం అక్కర్లేదు. లోపలికి వెళ్లిన పిల్ల మీద బయటివాళ్ల నీడ పడదు. ఒక్కోరోజు కన్నతల్లి నీడ కూడా పడదు (అది అదనపు సౌకర్యం).

ఈ ఘనతంతా 'అండ' కార్యక్రమానిది. నాయన సైన్యంలో ఉంటే, ఇంటి దగ్గర పిల్లల్ని ఒంటిచేత్తో చూసుకునే తల్లికి ఊరు తోడుండాలని దీన్ని పెట్టారు. మొదట్లో తోడంటే పక్కింటివాళ్లు పిల్లను బడి నుంచి తీసుకురావడం. తర్వాత దానికి కమిటీ వచ్చింది. కమిటీకి యాప్ వచ్చింది. యాప్‌కు గిరిప్రసాద్ గారు వచ్చారు. ఆయన హోదా 'బాలల అప్పగింత సమన్వయకర్త'. చేతిలో ట్యాబ్, మెడలో మూడు ఐడీ కార్డులు (రెండు పోయినా తానెవరో తనకు తెలియాలి కదా).

పద్ధతి చాలా సులువు. సాయంత్రం తల్లి గేటు ముందు నిలబడాలి. ట్యాబ్ ఆమె ముఖాన్ని పాత ఫోటోతో పోల్చి, తొంభై శాతం కలిస్తే పిల్లను వదులుతుంది. ఏడాదిగా ఏ ఇబ్బందీ లేదు. ఒక బుధవారం మా అక్క రూపశ్రీ పాపను బడి మాన్పించి, వెంటబెట్టుకుని వెళ్లి తిరుమలలో తలనీలాలు ఇచ్చింది.

చలికాలంలో మా బావ మునిప్రసాద్ కాపలా కాసే కొండల్లో మంచు విరిగిపడి ఐదు రోజులు కబురు లేదు. ఆరో రోజు 'బాగుండాను' అని మెసేజ్ వచ్చేలోపే అక్క మొక్కేసుకుంది. బావకు మాత్రం చెప్పలేదు. పెళ్లిచూపుల్లో తలెత్తలేక ఆయన చూసిందల్లా ఆ జడ కొసనే.

తలనీలాలు ఇచ్చిన మర్నాడు గురువారం. గురువారం సాయంత్రం ఐదింటికి బావకు ఫోన్ దొరుకుతుంది, వారానికి పది నిమిషాలు. తేజస్వినికి ముందు పన్ను ఊడింది. దాన్ని పెన్సిల్ డబ్బాలో పెట్టుకుని, నాయనకు చెప్పాలని మూడు రోజులుగా కాచుకుని ఉంది. అందుకని నాలుగు కాకముందే అక్కా నేనూ గేటు దగ్గరున్నాం.

ట్యాబ్ అక్కను చూసింది. 'నలభై ఒక్క శాతం. అపరిచితురాలు.'

"సార్, నేనే. దినామూ వస్తాను కదా," అంది అక్క.

"నాకు తెలుసమ్మా. దీనికి తెలీదు కదా," అన్నారు గిరిప్రసాద్ గారు, ట్యాబ్‌ను నొప్పించకుండా.

గేటు లోపలి నుంచి తేజస్విని అరిచింది. "అంకుల్, అది మా అమ్మే!"

"పాపా, మొన్న క్లాసులో ఏం నేర్పించినాము? అమ్మ మాదిరి కనపడేవాళ్లను..."

"నమ్మకూడదు," అని పాప బుద్ధిగా పూర్తిచేసి, ఏడుపు అందుకుంది.

ఆయన కరిగిపోయి పరిష్కారం చెప్పారు. "ఏడో నిబంధన ఉండాదమ్మా. జుట్టు పెరిగినాక రావచ్చు. మూడు నెలలు. అంతవరకు పాపకు ఈడ్నే భోజనం."

"మూడు నెలలు పాప యాడ పడుకుంటాది సార్?"

"దానికి ఇంకో కమిటీ ఉండాది."

నేను కంప్యూటర్లు చదువుకున్నదాన్ని. ఆ పట్టాకు ఇన్నాళ్లకు పని పడింది. అక్కను గోడ ముందు నిలబెట్టి, గుండుతో కొత్త ఫోటో తీసి యాప్‌లో పెట్టాను. 'పరిశీలనలో ఉంది' అంది యాప్. గంట గడిచినా అదే మాట.

సరిగ్గా ఐదింటికి అక్క ఫోన్ మోగింది.

"తండ్రి మాట చెల్లుతుంది, ఐదో నిబంధన!" అని గిరిప్రసాద్ గారు సంబరంగా ఫోన్ అందుకుని స్పీకర్ పెట్టారు. దేశానికి బావ చేస్తున్న సేవకు కార్యక్రమం తరఫున కృతజ్ఞతలు చదివారు (రెండు నిమిషాలు). సర్వీసు నంబరు అడిగారు, పాప పుట్టినతేదీ అడిగారు (బావ ఒకరోజు తప్పు చెప్పాడు, దానికి ఇంకో రెండు). అప్పుడు అసలు ప్రశ్న వేశారు.

"ఈడ గుండుతో ఒకామె నిలబడి మీ భార్యనంటాండాది. మీ భార్యకు గుండు ఉండాదా సార్?"

"గుండా? మా ఆడమనిషికా?" బావ గొంతు పెరిగింది. "ఆమెకు నడుందాకా జడ ఉండాది సార్! ఎవురో దొంగది. పాపను ఇయ్యొద్దండి, గేటు తీయొద్దండి!"

గిరిప్రసాద్ గారు మావైపు చూశారు. ఆ చూపులో గర్వం లేదు, బాధ్యత ఉంది.

"నేనేనయ్యా!" అక్క కమ్మీలు పట్టుకుని అరిచింది. "నీకోసరమే మొక్కుకుంటిని!"

బావ గొంతు దిగింది.

"రూపా... జడ ఇచ్చేసినావా?"

"మంచులో నువ్వు కనపడకపోతే ఏం సేసేది మరి?"

"సార్, ఆమె మా ఆడమనిషే. పాపను ఇయ్యండి సార్."

"మొదటి వాంగ్మూలమే లెక్క సార్," అన్నారు గిరిప్రసాద్ గారు నొచ్చుకుంటూ. "మార్చాలంటే మీరే నేరుగా వచ్చి సంతకం పెట్టాల."

ఐదూ ఎనిమిదికి యాప్ నేను తీసిన ఫోటోను ఆమోదించింది. గిరిప్రసాద్ గారు ట్యాబ్ ఎత్తారు. అదే క్షణంలో వాచ్‌మన్ చిన్నబ్బ గేటు గడియ సరిచేయడానికి ట్యాబ్‌కు అడ్డంగా వంగాడు. చిన్నబ్బకు అరవై రెండేళ్లు, తెల్లమీసం. మంగళవారమే తిరుమల కొండ నుంచి గుండుతో వచ్చాడు (మావైపు ఏ రోజు లెక్కపెట్టినా పది తలల్లో రెండు అలాగే ఉంటాయి. యాప్ చేసినవాళ్లు వేరే ఊరివాళ్లు).

ట్యాబ్ తీయగా మోగింది. 'తల్లి రూపశ్రీ. తొంభై నాలుగు శాతం. ధన్యవాదాలు.'

"సార్, నేను సిన్నబ్బను," అన్నాడు చిన్నబ్బ.

"అది నాకెందుకప్పా? సంతకం పెట్టు."

'బంధుత్వం: తల్లి' అన్న గడి పక్కన చిన్నబ్బ సంతకం పెట్టాడు. పాప చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిచి, అక్కకు ఇచ్చేశాడు.

ఫోన్‌లో ఇంకా నలభై సెకన్లున్నాయి.

"నాయనా, నా పన్ను ఊడిపోయింది!"

"దాచిపెట్టు తల్లీ, వచ్చి సూస్తాను. అమ్మకు నిజంగా గుండేనా?"

"అవు నాయనా. సిన్నబ్బ తాత మాదిరే ఉండాది."

బావ నవ్వుతుండగానే లైన్ తెగింది.

నెలాఖరుకు 'అండ' నివేదిక వచ్చింది. తల్లుల చేతికే అప్పగించిన పిల్లలు: నూటికి నూరు శాతం. గేటు దగ్గర పట్టుబడిన అపరిచితులు: ఒకరు. తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలని కింద ఆమె ఫోటో కూడా వేశారు. బాగా వచ్చింది. నేనే తీశాను.