కటింగ్ మిషన్‌కు ఘన సన్మానం

ఉప్పుగూడ రైల్వే స్టేషన్‌కు దగ్గరలో ఉన్న మా కాలనీ సంక్షేమ సంఘం వారు, కొత్త కమ్యూనిటీ హాలు ప్రారంభోత్సవ సందర్భంగా, ఒక కటింగ్ మిషన్‌ను శాలువా కప్పి సన్మానించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. సన్మానం అందుకున్న మిషన్ ఎక్కడా గర్వం కనబరచలేదు. తిరిగి ఉపన్యాసం కూడా ఇవ్వలేదు. ఈ రోజుల్లో అది సామాన్య విషయం కాదు.

సదరు మిషన్ నివాసం ఉమాపతి గారిల్లు. ఆయనది రాజమండ్రి వైపు. ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. మిషన్ చూడ్డానికి చిన్న బియ్యం డబ్బాను పక్కకు పడుకోబెట్టినట్టు ఉంటుంది. కంప్యూటర్లో గీసిన బొమ్మను దానికి పంపిస్తే, లోపలున్న బ్లేడుతో దళసరి కాగితాన్ని ఆ గీత వెంబడే కోసిపెడుతుంది. అంతకు మించి దానికేమీ తెలియదు. ఇది దాన్ని కించపరచడానికి అంటున్న మాట కాదు.

మిగిలిన చిల్లర పనులు ఉమాపతి గారి భార్య బిందుమాధవి చూసుకుంటుంది. చిల్లర పనులంటే, బొమ్మను ఊహించడం, గీయడం, దగ్గరున్నది ఏ కాగితం మీద రావాలో దూరంగా ఉన్నది ఏ కాగితం మీద రావాలో తేల్చి పొరలుగా విడగొట్టడం, ఒక్కో పొరకు రంగు ఎంచడం. కోసిన కాగితాన్ని, అది కదలకుండా పట్టి ఉంచే జిగురు పలక మీద నుంచి చిరగకుండా లేపడం. కాగితపు కిటికీ ఊచల మధ్య ఇరుక్కున్న మినప్పొట్టంత ముక్కల్ని సూదిమొనతో తీయడం. చివరికి పొరకూ పొరకూ మధ్య స్పాంజి టేపు ముక్కలు పెట్టి, నీడ పడేలా ఒకదాని మీద ఒకటి పేర్చడం. ఒక పొర వెంట్రుకవాసి పక్కకు జరిగితే బొమ్మంతా వంకర. ఇలాంటి చిన్నాచితకా పనులే తప్ప ఆమెకు వేరే శ్రమ లేదు.

మొదట ఒక నెమలిని చేసింది. పక్కింటి విమలాదేవి చూసి బుగ్గ మీద వేలేసుకుంది.

"అబ్బ, మస్తుగుంది బిందూ! ఎంత మంచి మిషనో! మా చెల్లె బిడ్డ లగ్గముంది, కార్డులు గిట్లనే పొరలు పొరలుగ చేసియ్యరాదు? ఐదొందల కార్డులు చాలు. బటన్ ఒత్తుడే గదా."

"ఒత్తడమే అక్కా. తర్వాత అతికించడం ఉంటుంది."

"అతికిచ్చుడెంత సేపు! అదిగూడ మిషన్‌కే చెప్పు."

నెమలిని ఉమాపతి గారు ఆఫీసుకు పట్టుకెళ్లారు. అందరూ మెచ్చుకున్నారు. "అన్ని మోడళ్లూ చూసి, రివ్యూలన్నీ చదివి నేనే ఎంపిక చేశానండీ," అని ఆయన వినయంగా ఒప్పుకున్నారు.

నెమలి కీర్తి సంఘం అధ్యక్షులు వైకుంఠం గారి దాకా వెళ్లింది. వారిది పాతబస్తీలో మూడు తరాల గాజుల హోల్‌సేల్ వ్యాపారం. విమలాదేవి వారి ధర్మపత్నే. ఒక సాయంత్రం ఆయనే స్వయంగా వచ్చి సోఫాలో కూర్చున్నారు.

"చూడు బిడ్డా, సైదాబాద్‌ల ఎవరిదో హాల్ల గోడకు ఫౌంటెన్ పెట్టిన్రంట. నేను పోయి చూసొచ్చిన. మనకు గంతకంటె గట్టిది ఏదన్న ఉండాలె. పెద్ద పటం గావాలె. మిషన్‌కు జర చెప్పు."

మిషన్‌కు చెప్తానంది బిందుమాధవి. ఏం చేయాలో ఆమెకు అప్పటికే తెలుసు. పెళ్లై కొత్తగా వచ్చినప్పుడు ఇక్కడి మాట సగమే అర్థమయ్యేది. భర్త ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆమెకు తోడున్నది మేడ మీద నుంచి కనబడే ఉప్పుగూడ స్టేషనే. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, కూరగాయల సంచులు, టిఫిన్ డబ్బాలు, రైలు వెళ్లిపోయాక కాసేపు ఎవరూ లేని ప్లాట్‌ఫారం. ఎవరికీ చెప్పుకోలేదు గానీ, ఆ స్టేషన్‌ను ఒకసారి కాగితంలో కట్టాలని ఆమెకు ఎప్పటినుంచో ఉంది.

నెల దాటి పట్టింది. పాదచారుల వంతెన మెట్లు లేపబోతే చిరిగాయి. మళ్లీ కోసింది, మళ్లీ చిరిగాయి. వేపచెట్టు ఆకుల్లో ముక్కలు తీసి తీసి మెడ పట్టేసింది. ఇంట్లో రోజూ ఉప్మా. ఉమాపతి గారు కోప్పడలేదు. "పని మిషన్ చేస్తుంటే నొప్పి నీకెందుకు వస్తోంది?" అని మాత్రం అడిగారు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోగోరి అడిగారు.

పటం పూర్తయ్యాక లోతైన ఫ్రేములో పెట్టి, పక్కనుంచి దీపం వేసి చూసుకుంది. వంతెన నీడ రైలు మీద, రైలు నీడ పట్టాల మీద పడింది. వెనకాల లేత నారింజ రంగు ఆకాశం. బిందుమాధవికి కళ్లు చెమ్మగిల్లాయి. ఈ విషయం సంఘం దృష్టికి రాలేదు.

ప్రారంభోత్సవానికి చాంద్రాయణగుట్ట నుంచి ప్రకాశం గారు ముఖ్య అతిథిగా వచ్చారు. రిటైరైన పెద్ద అధికారి. కళల గురించి మాట్లాడమంటే ఎప్పుడైనా మాట్లాడగలరు. వేదిక మీద మిషన్‌ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, కుంకుమ బొట్టు పెట్టారు. పటం ఆవిష్కరించగానే జనం చప్పట్లు ఆపలేదు. వైకుంఠం గారు మైకందుకున్నారు.

"అన్నలారా, అక్కలారా! గిసొంటి మిషన్ మన కాలనీల ఉండుడు మన అదృష్టం. తిండి అడగది, జీతం అడగది, లొల్లి పెట్టది. మనుషులందరు దీన్ని చూసి నేర్చుకోవాలె!"

మిషన్‌కు శాలువా కప్పారు. కొన్నందుకు ఉమాపతి గారికి జ్ఞాపిక. ఆ పూట కరెంటు పోనందుకు లైన్‌మన్‌కు పూలగుత్తి. మిషన్ వైరు ఎవరూ తొక్కకుండా చూసే బాధ్యతను బిందుమాధవికి అప్పగించారు. ఆమె మొహం ఎర్రబడింది. భర్త వైపు చూసింది. ఆయన కెమెరా వైపు చూస్తున్నారు.

అప్పుడు ప్రకాశం గారికి ముచ్చటేసింది. "మా ఇంటికీ ఒకటి కావాలె. ఇప్పుడే తీయండి, చూస్తం."

"ఎంతసేపు సార్! అమ్మా, ఒత్తు!" అన్నారు వైకుంఠం గారు.

బిందుమాధవి ఒత్తింది. జనం మిర్చి బజ్జీలు, చాయ్ ముగించేలోగా మిషన్ చిన్న సైజు స్టేషన్‌ను పొర తర్వాత పొర కోసిపెట్టింది. ఆమె కాగితాల్ని జిగురు పలకలతో సహా బల్ల మీద పరిచి, స్పాంజి టేపు పక్కన పెట్టి, మైకు దగ్గరికొచ్చింది.

"మిషన్ పని అయిపోయిందండీ. చిల్లర పనులు మిగిలాయి. పెద్దలు కానివ్వండి."

దిగొచ్చి ముందు వరుసలో విమలాదేవి పక్కన కూర్చుంది.

కార్యవర్గం ఉత్సాహంగా రంగంలోకి దిగింది. వైకుంఠం గారు లాగగానే ప్లాట్‌ఫారం రెండు ముక్కలైంది. కార్యదర్శి మోచేతికి రైలు అంటుకుంది. కోశాధికారి ఆకాశాన్ని అన్నిటికన్నా ముందు అతికించి, స్టేషన్ కనబడటం లేదని ఫిర్యాదు చేశారు. సాయానికి వెళ్లిన ఉమాపతి గారు వేపచెట్టు పట్టుకుని, మైకు ఆన్‌లో ఉందని మరిచి, "బిందూ, ఇది ముందా, వెనకా?" అని కేకేశారు.

"మీరే కదండీ రివ్యూలన్నీ చదివింది," అంది ఆమె కూర్చున్న చోటి నుంచే. హాలంతా గొల్లుమంది.

విమలాదేవి నవ్వలేదు. "గివన్ని నువ్వొక్కదానివే చేస్తవా?"

"అవునక్కా."

"మరి చెప్పలేదేంది?"

"చెప్పాను కదక్కా, అతికించడం ఉంటుందని."

విమలాదేవి ఆమె చేతిమీద చెయ్యేసింది. "లగ్గం కార్డులు ప్రెస్సుల కొట్టిస్త తీ. ఫికర్ జెయ్యకు."

ఇంతటితో సంఘం సిగ్గుపడిందని తొందరపడి అనుకోకండి. ప్రకాశం గారు లేచి, కార్యవర్గం ఎలాగోలా అతికించిన, తలకిందులైన సిగ్నలున్న ఆ పటాన్ని రెండు చేతులా పైకెత్తారు.

"ఇగో, కళ అంటే ఇది! ఇందులో మనుషుల చేతులున్నయ్, చెమట ఉన్నది. మిషన్ చేసిన దాంట్ల ప్రాణం ఎక్కడుంటది?"

చప్పట్లు మోగాయి. ఇంత గొప్పది తన ఒక్క ఇంట్లో ఉండకూడదని ఆయన సంఘానికే వదిలేసిన ఆ పటం ఇప్పుడు హాలు మధ్యగోడకు ఉంది. కింద కార్యవర్గ సభ్యుల పేర్లు, ఆ పైన "హస్తకళ" అనే మాట ఉన్నాయి. బిందుమాధవి పటం కరెంటు మీటరు పక్కన, "మిషన్ తయారీ" అన్న చీటీతో ఉంది. తర్వాత చాంద్రాయణగుట్ట మహిళలకు కాగితపు కళలో శిక్షణ ఇవ్వమని వైకుంఠం గారికే పిలుపొచ్చింది. శిక్షణ పొందవలసిన వారిలో బిందుమాధవి పేరు కూడా చేర్చారు.

ఆమె వెళ్లింది. వైకుంఠం గారు కళ ప్రాచీనత గురించి మాట్లాడి, దుకాణం పనుందని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆడవాళ్లు ఒక్కొక్కరే కుర్చీలు బిందుమాధవి దగ్గరికి జరుపుకున్నారు. సాయంత్రానికి ప్రతి ఒక్కరి చేతిలోనూ ఒక రామచిలుక ఉంది. కొన్నిటి ముక్కు కొంచెం వంకర. మర్నాడు పేపర్లో మాత్రం కత్తెర పట్టుకున్న వైకుంఠం గారి ఫొటో పడింది.

ఆ ఫొటో చూసిన ఉమాపతి గారు పేపరు మడిచి, చెప్పాపెట్టకుండా సూది తీసుకుని, ఇంకో కాగితపు చిలుకలో ముక్కలు తీస్తున్న భార్య ఎదురుగా కూర్చున్నారు. మొదటి ముక్కతోపాటే చిలుక తోకనూ ఊడబెరికారు. చాలాసేపు ఆ తోకకేసి చూశారు. "ఇది నువ్వు నెల రోజులు చేశావా?" అన్నారు. ఆమె తలూపింది. ఆ రోజు ఉప్మా ఆయనే చేశారు. ఉండలు కట్టింది. ఆఫీసులో ఇప్పుడాయన "మా ఆవిడ చేస్తుందండీ" అంటున్నారు. ఎవరూ నమ్మడం లేదు. మోడల్ నంబరు అడుగుతున్నారు.

మా ఉప్పుగూడ వారిని చూసి నవ్వుకునే హక్కు పాఠకులకు సంపూర్ణంగా ఉంది. కాదనం. కాకపోతే మా వాళ్లు కనీసం మిషన్‌కైనా శాలువా కప్పారు. మన ఇళ్లల్లో అన్నం కుక్కర్ వండుతోంది, పచ్చడి మిక్సీ చేస్తోంది, బట్టలు వాషింగ్ మెషిన్ ఉతుకుతోంది. ఇన్నేళ్లలో మనం ఆ కుక్కర్‌కైనా ఒక దండ వేశామా?