మిరియమ్మగారి అలమరా, మా ఆవిడ తాళంచెవి

మా ఆవిడకి అనుమానం ఎక్కువని నేను ఎక్కడా అనను. అంటే ఆవిడకి తెలిసిపోతుంది.

ఇవాళ మీతో చెబుతున్నానంటే, ఆవిడ మా అమ్మాయిని తీసుకుని స్విమ్మింగ్ క్లాసుకి వెళ్ళింది గనక. గంటలో వచ్చేస్తుంది. ఈలోగా కానివ్వండి. టీకి కప్పూ సాసరూ, చేగోడీలకి ఓ ప్లేటు, మంచినీళ్ళకి వేరే గ్లాసు, ఒక్కొక్కరికీ విడివిడిగా పెట్టాను. ఇంత మర్యాద ఎందుకని అడక్కండి, చివర్లో చెబుతాను.

మీకు తెలిసిందేగా, క్లాండాల్కిన్‌లో నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్కడ నా మాట ఎవరూ వినరు. ఇంట్లో అయితే నా దాకా మాటే రాదు. ఈ జానకిరామ్ కూడా ఒక మనిషేనని గుర్తించే చోటు డబ్లిన్ మొత్తంలో ఒక్కటే. అది మా పేట సూపర్ మార్కెట్ కౌంటర్.

అక్కడ యాభై యూరోల సరుకు కొంటే బిల్లు అడుగున పది యూరోల కూపన్ వస్తుంది. అది గురువారంలోపు వాడెయ్యాలి. వాడాలంటే మళ్ళీ యాభైకి కొనాలి. కొంటే మళ్ళీ కూపన్. పైన ఫోన్లో యాప్ కూపన్లు వేరే. ఒకరోజు ఇవన్నీ పేకముక్కల్లా వరసగా దించేసరికి బిల్లు సగానికి పడిపోయింది. వెనక క్యూలో ఉన్న ఐరిష్ పెద్దాయన "ఫెయిర్ ప్లే టు యూ!" అని నా భుజం తట్టాడు. ఈ దేశం వచ్చి ఏడేళ్ళయింది. నన్ను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి.

ఇంటికొచ్చి చెబితే మా కృష్ణవేణి, "మిగిలింది సరేనండీ, పోయిందెంత?" అంది.

మాది గుడ్డు కూడా గడప తొక్కని ఇల్లు. బిస్కెట్ ప్యాకెట్టయినా సరే, వేణి లేబుల్ చదివాకే లోపలికి రావాలి. జెలటిన్ ఉందా, చీజు దేంతో తోడేశారు, ఈ నంబరు పదార్థం చెట్టుదా, జంతువుదా అని ఇక్కడి పోలీసులు దొంగని నిలదీసినట్టు నిలదీస్తుంది. అంచేత కూపన్లు ఉన్నవాటిలో సగం మాకు పనికిరావు. మిగతా సగాన్ని నేను వదల్ను. పాస్తా, రవ్వ, ఓట్స్, గుడ్డు తగలని బిస్కెట్లు.

ఫిబ్రవరిలో ఒకనాడు వేణి మెట్లకింద ప్రెస్సు తలుపు తీసింది. అలమరాని ఇక్కడ ప్రెస్సంటారు కదా, మా మృదుల నోట వినీ వినీ మేమూ అలాగే అంటున్నాం. తీయడమేమిటి, పదకొండు పాస్తా ప్యాకెట్లు ఆవిడ నెత్తిన పడ్డాయి.

"ఏవండీ! ఇది ఇల్లా, గోడౌనా?"

"పొదుపు, వేణీ."

"ఈ పొదుపు తిని అరిగించుకోడానికి ఇంకో కుటుంబాన్ని తెచ్చిపెట్టుకోవాలి. ఇవన్నీ అయ్యేదాకా ఇంకొక్క ప్యాకెట్టు రావడానికి వీల్లేదు. వచ్చిందా, సరుకుల పెత్తనం నాది. ఆ యాప్ నా ఫోన్లోకి వచ్చేస్తుంది, కార్డు నా బ్యాగులోకి వచ్చేస్తుంది. మీరు సంచీ మోయడానికొస్తే చాలు. స్వామి పటం ముందు ఒట్టెయ్యండి."

కౌంటర్ దగ్గర ఆవిడ కూపన్లు దించుతుంటే నేను వెనక సంచీ పట్టుకుని నిలబడటమా? గబగబా ఒట్టేశాను. "మన ఇంట్లోకి ఇంకొక్క ప్యాకెట్టు తేను" అని. మన ఇంట్లోకి అన్నాను. అక్కడే ఉంది నా తెలివంతా.

పక్కిల్లు మిరియం గారిది. డెబ్భై దాటిన యూదుల ఆవిడ, ఒంటరిగా ఉంటుంది. వేణి ఆవిడకి మిరియమ్మగారని పేరు పెట్టేసింది. ఆవిడ ఇంట్లో అంతా కోషర్, అంటే వాళ్ళ మతం చెప్పిన వంటింటి నియమాలు. పాలకి ఒక సింకు, మాంసానికి ఒక సింకు. గిన్నెలు వేరు, గరిటెలు వేరు, తుడిచే గుడ్డలు కూడా వేరే. మొదటిసారి ఆ వంటిల్లు చూసినప్పుడు వేణి, "ఈ దేశంలో మడి అంటే తెలిసిన మనిషి ఒక్కరైనా దొరికారండీ" అని పొంగిపోయింది. ఇద్దరూ కలిసి లేబుళ్ళు చదువుకునేవాళ్ళు.

మిరియమ్మగారికీ కూపన్ల పిచ్చి ఉంది. పైన చిన్న గదిలో ఆవిడ ప్రెస్సు సగం ఖాళీ. వెళ్ళి నా కష్టం చెప్పుకున్నాను.

"సీలు విప్పనివే తేవాలి, ప్రతిదీ నేను చూసి ఒప్పుకోవాలి" అంది.

ప్రతి గురువారం ఆఫీసు నుంచి వస్తూ సంచీ ఆవిడ ముందు పెట్టేవాణ్ణి. కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్కటే తిప్పి చూసేది. వేఫర్లు వెనక్కి పంపింది. ఒక సూపు ప్యాకెట్టు చూసి నన్ను కూడా వెనక్కి పంపబోయింది. వేణిని తప్పించుకుని ఇంకో వేణి దగ్గర పడ్డానేమిటా అనుకున్నాను. అయినా సరుకు నిండుతోంది, కూపన్లు తెగుతున్నాయి, కౌంటర్ దగ్గర నా పరువు నిలబడింది.

మూడో వారం వేణి అడిగింది.

"ప్రతి గురువారం మీరే వెళ్ళి మార్చేలా మిరియమ్మగారింట్లో బల్బు మాడిపోతోందేమండీ?"

"పాత ఇల్లు కదా."

"మనదీ పాత ఇల్లేగా. మనకి మాడవేం?"

"మనం తక్కువ వేస్తాం. పొదుపు."

ఆవిడ ఉతకడానికి నా ప్యాంట్లు పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఇంతలో పదేళ్ళ మా మృదుల నా చొక్కా వాసన చూసి, "డాడ్, యూ స్మెల్ ఆఫ్ కస్టర్డ్ క్రీమ్స్" అంది. దాని నోరు మూయించడానికి వారానికి నాలుగు బిస్కెట్లు ఖర్చయ్యాయి.

ఏప్రిల్ వచ్చింది. వాళ్ళ పాసోవర్ పండగ దగ్గర పడింది. మిరియమ్మగారు నన్ను పిలిచి కూచోబెట్టింది.

"చూడు జానకీ, పండగ ఎనిమిది రోజులూ గోధుమ, బార్లీ, ఓట్స్ తగిలినదేదీ మేం తినకూడదు. తినకపోవడమే కాదు, అది మా సొత్తుగా కూడా ఉండకూడదు. అందుకని ప్రెస్సుకి సీలు వేసి, మా మతం కాని వాళ్ళకి అమ్మేస్తాం. ఉత్తుత్తిది కాదు, నిజమైన అమ్మకం. కాగితం, తాళంచెవి, అన్నీ. పండగయ్యాక వాళ్ళు మళ్ళీ మాకే అమ్ముతారు, ఇష్టమైతే."

"అయితే నా సరుకు?"

"అదే చిక్కు. నువ్వూ నేనూ ఒకే కూపన్లు వాడతాం, ఒకే ప్యాకెట్లు కొంటాం. ఏది నీదో ఏది నాదో ఇప్పుడు తెలీదు. నీ వాటా నాకిచ్చేసినట్టు ఒక సంతకం పెట్టు. మొత్తం కలిపి నీకే అమ్ముతాను. ఒక్క యూరో."

ఒక్క యూరోకి ప్రెస్సు మొత్తమా! ముందు నాకే అనుమానం వచ్చింది. ఇంత మంచి ఆఫర్‌కి ఎక్కడో ఒక నక్షత్రం గుర్తు ఉండాలే అనిపించింది. కూపన్ వెనక చీమతలకాయంత అక్షరాలు చదివే నేను, ఆ కాగితం మాత్రం ఆశకొద్దీ చదవకుండా సంతకం గీకేశాను. ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో పుచ్చుకోవడమే కదా.

"పండగ ముందు రోజు పొద్దున పదకొండులోపు వచ్చి కొనెయ్యాలి. ఆ తర్వాత చెల్లదు" అంది.

ఆ పొద్దున ఆఫీసులో చూపించుకుని జారుకుందామని వెళ్ళాను. సరిగ్గా అప్పుడే మా అప్లికేషన్ కూలింది. మేనేజర్ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఏడేళ్ళుగా నా మాట వినని వాళ్ళందరూ ఆ రోజే "జానకీ, నువ్వేమంటావు?" అని అడగడం మొదలెట్టారు. బయటపడి, రెండు బస్సులు మారి, మా వీధి మొదలు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి పదకొండూ ఇరవై.

మిరియమ్మగారు గేటు దగ్గర నిలబడి నవ్వుతోంది.

"కంగారు పడకు, అంతా గ్రాండ్. నువ్వు రాలేదని మీ ఆవిణ్ణి అడిగాను. దేవతలా వచ్చి కొనేసింది."

ఇంట్లోకి వెళితే వేణి కూరలు తరుగుతోంది. మంగళసూత్రానికి ఉండే పిన్నీసుకి ఒక ఇత్తడి తాళంచెవి వేలాడుతోంది.

"ఏమిటి వేణీ అది?"

"ఒక్క యూరోకి ప్రెస్సు కొన్నానండీ. మీరే కదా అంటారు, మంచి ఆఫరొస్తే వదలకూడదని."

"లోపల... ఏముందో చూశావా?"

"సీలు వేసుందిగా. పండగయ్యాక చూస్తా. ఏముంటుందంటారు?"

"ముసలావిడ ప్రెస్సులో ఏముంటుంది? ఏవో పాత సామాన్లు."

"అంతేనంటారా?" అంది, నా మొహం చూస్తూ.

ఆ ఎనిమిది రోజులూ నాకు అదే ఆలోచన. ఆవిడకి తెలుసా, తెలీదా? నవ్వితే తెలుసనిపించేది. నవ్వకపోతే కచ్చితంగా తెలుసనిపించేది. రోజూ మెట్లకింది పాస్తా వండి నా కంచంలో వేసి, "ఇది ఏ వారం కూపనండీ?" అనేది. పిన్నీసుకి తాళంచెవి అటూ ఇటూ ఊగుతుండేది.

"పాపం పెద్దావిడ వేణీ, ప్రెస్సు తెరవకుండానే తిరిగిచ్చెయ్" అన్నాను ఏడో రోజు.

"అలాగేనండీ" అంది వెంటనే.

పెళ్ళయిన పన్నెండేళ్ళలో వేణి ఒక్క మాటకి "అలాగే" అనడం అదే మొదలు.

పండగయిన మర్నాడు అందరం మిరియమ్మగారింటికి వెళ్ళాం. ఆవిడ చేతిలో ఒక యూరో నాణెం పట్టుకుని నిలబడింది. వేణి పైకెళ్ళి సీలు తెంపి, ప్రెస్సు తెరిచింది.

"తెరవనన్నావుగా!"

"కొన్న సరుకు చూసుకోకుండా ఎలా అమ్మనండీ?"

అని, బ్యాగులోంచి ఒక కట్ట తీసింది. బిల్లులు! రెండు నెలల బిల్లులు. ప్యాంట్లు వాషింగ్ మెషీన్లో వేసేముందు నా జేబుల్లోంచి తీసి, ఒక్కటీ పోకుండా దాచింది.

"మృదులా, చదవ్వే."

"ట్వెల్ఫ్త్ ఆఫ్ మార్చ్. సిక్స్ పాస్తా, ఫోర్ ఓట్స్" అని మా పిల్ల ఐరిష్ యాసలో నా నేరాలు చదువుతుంటే, వేణి నావి ఒక పక్కకీ, మిరియమ్మగారివి ఒక పక్కకీ వేరు చేసింది. మేమిద్దరం తేల్చలేకపోయిన లెక్క పది నిమిషాల్లో తేలిపోయింది.

"మిరియమ్మగారూ, మీవి మీకు అమ్ముతున్నాను" అని యూరో పుచ్చుకుంది. "ఇవి నావి."

"అవి నావి వేణీ!" నోరు జారింది.

"మీవా? మన ఇంట్లోకి ప్యాకెట్టు తేనని ఒట్టేశారుగా?"

"మన ఇంట్లోకి తేలేదుగా."

"అబ్బో, ఏం తెలివండీ! అయితే ఈ సంతకం ఎవరిదో?"

నా వాటా మిరియమ్మగారికి ఇచ్చేసినట్టు నేను చదవకుండా గీకిన కాగితం అది. కింద చక్కగా నా పేరు ఉంది.

"మీరు చెప్పారా?" అన్నాను మిరియమ్మగారితో దీనంగా.

"మొదటి గురువారమే చెప్పాను జానకీ. మా ఇంట్లోకి ఏదొచ్చినా ఎక్కడిదో తెలియాలి. అది కోషర్ రూలు. ఇంటావిడకి తెలియకుండా ఆ ఇంటి సరుకు దాచకూడదు. ఇది నా రూలు."

బల్బులన్నీ అబద్ధమని మొదటి బల్బునాడే తెలుసన్నమాట! రెండు నెలలు నన్ను ఆడనిచ్చారు. నాకు సిగ్గేసింది, కోపమొచ్చింది, పోనీ నవ్వుదామంటే అదీ రాలేదు.

సాయంత్రానికి యాప్ వేణి ఫోన్లోకి వెళ్ళింది. వేణి వాటా సరుకు మిరియమ్మగారి ప్రెస్సులోనే, తాళంచెవి వేణి పిన్నీసుకే ఉండిపోయాయి. ఆ గురువారం కౌంటర్ దగ్గర ఆవిడ కూపన్లు దించింది. ఆ ఐరిష్ పెద్దాయనే, అదే "ఫెయిర్ ప్లే టు యూ!" ఈసారి ఆవిడతో అన్నాడు. నేను సంచీ పట్టుకుని నిలబడ్డాను. ఇంటికొచ్చాక ముద్ద దిగలేదు. అది చూసి ఆవిడ మనసు కాస్త కరిగినట్టుంది. ఒక కాగితం ముక్క చక్కగా కత్తిరించి నా చేతికిచ్చింది.

కూపన్! ఆవిడ చేతిరాత.

"ఇది తెచ్చినవారు ఈ గురువారం కౌంటర్ దగ్గర యాప్ తామే చూపించవచ్చు. శనివారం ఒక్కరోజులో యాభై గిన్నెలు కడిగినవారికే."

ముగ్గురమున్న ఇంట్లో ఒక్కరోజుకి యాభై ఎక్కడొస్తాయండీ? గాలించినా ముప్ఫైకి మించలేదు. మిరియమ్మగారింట్లో ఇంకా పండగ గిన్నెలు గుట్టగా ఉన్నాయని గుర్తొచ్చింది. వాళ్ళు శనివారం ఏ పనీ చెయ్యకూడదు కదా, పొద్దుపోయి అది ముగిశాక వెళ్ళి, ఏది ఏ సింకులోదో అడిగి మరీ ఇరవై కడిగొచ్చాను. చేతులు తుడుచుకుంటూ దర్జాగా కూపన్ ఇస్తే, వేణి దాన్ని తిప్పి చూపించింది. వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉంది: "పక్కింటి గిన్నెలు చెల్లవు."

ఈ వారం ఇంకో కూపన్ ఇచ్చింది. ఈసారి వెనకవైపు రెండుసార్లు చదివాను, దీపానికి అడ్డం పెట్టి చూశాను. అతిథుల గిన్నెల గురించి ఒక్క ముక్క లేదు. అందుకే మిమ్మల్ని టీకి పిలిచాను. ఐదుగురికి కప్పు, సాసరు, ప్లేటు, గ్లాసు, వెరసి ఇరవై. మావి ముప్ఫై సింకులో ఉన్నాయి. సరిగ్గా యాభై! ఇలా ఇచ్చెయ్యండి, త్వరగా, ఆవిడ వచ్చేలోపు కడిగెయ్యాలి.

అదేమిటి, గిన్నెల సబ్బు సీసా ఏది? ఇక్కడే ఉండాలే. దాని చోట్లో ఏదో చీటీ ఉంది. ఉండండి, చదువుతా.

"సబ్బు మిరియమ్మగారి ప్రెస్సులో ఉంది. తాళంచెవి నా దగ్గర ఉంది. మీ ఫ్రెండ్స్‌కి నా నమస్కారాలు."