నల్ల బీరులో కోడిగుడ్డు

ఆ శనివారం ఉదయం ఫబియాన్ వేసుకున్న పథకంలో కోడిగుడ్లు లేవు. చిలీలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండాకాలం; ఆ సెలవుల పేరుతో వాల్దివియా వెళ్ళాలి, నది ఒడ్డున బీరు కాచే బ్రూవరీలు ఒకటి రెండు చూడాలి, చివరికి అక్కడ పేరున్న బ్రూవరీ యజమాని ఎర్విన్ దగ్గర కూర్చుని, మార్చిలో తమ ఊరు తెముకోలో తెరవబోయే తన శాండ్‌విచ్ దుకాణానికి బీరు ఇమ్మని అడగాలి. ఎర్విన్ బీరు ఉంటే దుకాణం నిలబడుతుంది, లేకపోతే చలికాలానికి మూతపడుతుంది. అయితే ఎర్విన్ అడిగినవాళ్ళందరికీ ఇచ్చే మనిషి కాదు. గ్లాసులో నిమ్మచెక్క వేశారని ఒక హోటలుకి బీరు ఆపేసినవాడు.

కారెక్కేటప్పుడు తల్లి ఒర్ఫెలీనా చేతిలో ఒక బుట్ట ఉంది. చంటిపిల్లను ఎత్తుకున్న కోడలు యాస్నా దానిలోకి తొంగి చూసింది. గుడ్లు, చక్కెర, వేయించిన గోధుమపిండి.

"ఇవెందుకు అత్తయ్యా?"

"నీకేనమ్మా. నల్ల బీరులో గుడ్డు గిలక్కొట్టి, పిండి కలిపి తాగితే పాలు ధారలు కడతాయి. వీణ్ణలాగే పెంచా."

"డాక్టరు బీరు ముట్టొద్దన్నాడు."

"డాక్టరు ఎప్పుడైనా పాలిచ్చాడా?"

యాస్నా కారెక్కింది. పాలు చాలుతున్నాయో లేదోనని వీధిలో ఒక్కరినీ వదలకుండా అడిగింది తనే. ఇప్పుడు వద్దంటే ఎవరు వింటారు?

మొదటి బ్రూవరీలో ఫబియాన్ గ్లాసు వాసన మాత్రం చూసి ఆహా అన్నాడు. బండి నడిపేవాడు చుక్క తాగినా లైసెన్సు పోతుంది. ఒర్ఫెలీనా నల్ల బీరు తెప్పించి, బల్ల అంచుకి గుడ్డు కొట్టి అందులో వేసి, నురగ పొంగేదాకా గిలక్కొట్టి, కోడలి ముందు పెట్టింది. "తాగు." ఇంతలో పిల్ల మీద జోరీగ వాలబోయింది. ఆవిడ దాన్ని తరమడానికి అటు తిరగ్గానే, యాస్నా గ్లాసును పక్కబల్ల మీదికి తోసేసింది. అక్కడ రాజధాని శాంతియాగో నుంచి వచ్చిన ఒక లావుపాటి ఆసామి మాటల్లో పడి దాన్ని ఎత్తి గటగటా తాగాడు. ఉన్నట్టుండి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఏమైందయ్యా?" అంది అతని పెళ్ళాం హడలిపోయి.

"మా అమ్మమ్మే! అచ్చం మా అమ్మమ్మ చేసినట్టే ఉంది! ఎవరు కలిపారిది?"

జోరీగ గొడవలో ఇదేమీ వినని ఒర్ఫెలీనా, ఇటు తిరిగి, యాస్నా మళ్ళీ తన ముందుకి లాక్కున్న ఖాళీ గ్లాసు చూసింది. "చూశావా, ఎలా లాగించేసిందో నా కోడలు!" అని మురిసిపోయి రెండోది కలిపింది. అదీ అదే దారి పట్టింది. మూడో గ్లాసు ఎటు వెళ్తోందో ఆవిడ కళ్ళారా చూసింది. కోడలిని తిట్టే తీరిక మాత్రం దొరకలేదు, చుట్టూ జనం మూగేశారు. అందరికీ ఒక అమ్మమ్మ ఉంది మరి. మేనేజరు వచ్చి, "మా బీరు వంటసామాను కాదండీ," అని మర్యాదగా గేటు చూపించాడు.

ఫబియాన్ కారును ఎర్విన్ బ్రూవరీ ముందు ఆపాడు. "అమ్మా, నీకు దండం పెడతా. నువ్వూ యాస్నా ఒడ్డున కూర్చుని నదిలోకి వచ్చే సముద్రసింహాలను చూస్తూ ఉండండి. లోపలికి మాత్రం రావద్దు," అని ఎర్విన్ దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు. కానీ శాంతియాగో వాళ్ళ వ్యాను వీళ్ళ కారు వెనకే వచ్చిందని అతనికి తెలియదు. ఆ ఆసామి బజారుకెళ్ళి ఒక అట్ట గుడ్లు కూడా కొనుక్కొచ్చాడు.

"మీ బీరుని దేవుడిలా చూసుకుంటానండీ," అని ఫబియాన్ అంటుండగా గేటు తెరుచుకుంది. ముందు ఒర్ఫెలీనా, వెనక గుడ్ల అట్ట, ఆ వెనక ఇరవైమంది. వాళ్ళ వెనక పిల్లను గుండెకి హత్తుకుని, "అత్తయ్యా, ఆగండి," అంటూ యాస్నా.

ఎర్విన్ మీసం వణికింది. "ఎవరావిడ?"

"నాకు... తెలీదండీ," అన్నాడు ఫబియాన్.

ఒర్ఫెలీనా ఆ మాట విన్నది. చేతిలోని గుడ్డును కాస్త గట్టిగా కొట్టింది.

"అబ్బాయ్, ఆవిడ ముక్కే నీ మొహం మీద కూడా ఉంది," అన్నాడు ఎర్విన్. "కన్నతల్లినే ఎరగనన్నవాడివి, నా పీపాని ఏం చూసుకుంటావ్? లే."

ఫబియాన్ లేచాడు. దుకాణం తెరవకముందే మూతపడినట్టనిపించింది. అప్పుడే కౌంటరు అమ్మాయి పరుగున వచ్చింది. "నల్ల బీరు పీపా ఖాళీ అయిందండీ, ఇంకోటి తెరవనా?" ఎండాకాలంలో నల్ల బీరు అడిగే నాథుడు ఉండడు. డిసెంబరు నుంచి పీపాలు కొట్లో మూలుగుతున్నాయి. ఎర్విన్ గొంతు సవరించుకుని, "తెరువు," అన్నాడు. ఆ పీపా కూడా అయిపోయాక ఏప్రాన్ విప్పి, ఒర్ఫెలీనా ముందు నిలబడ్డాడు.

"అమ్మా, మీకు దుకాణమేమైనా ఉందా?"

"మార్చిలో తెరుస్తున్నా."

"బీరు నేను పంపుతా. మీ పేరు మీదే."

"మరి గుడ్డు?"

"అప్పుడు నేను అటు తిరిగి నిలబడతాను."

ఈ సందడిలో యాస్నా ఓ నీడన కూర్చుని పాలిచ్చింది. చాలుతున్నాయో లేదో అనుకోవడం కూడా మరిచిపోయింది. పిల్ల కడుపారా తాగి నిద్రపోయింది.

"అమ్మా! అమ్మా!" అంటూ ఫబియాన్ పరుగెత్తుకొచ్చాడు.

ఒర్ఫెలీనా అతన్ని కింది నుంచి పై దాకా చూసింది. "ఎవరు బాబూ మీరు? పని కోసం వచ్చారా?"

మార్చిలో దుకాణం తెరిచారు, బాగానే నడుస్తోంది. పనివాడెలాంటివాడని ఎవరైనా అడిగితే, కష్టపడతాడుగానీ ఎవరి బిడ్డో మాత్రం తెలియదంటుంది యజమానురాలు.