సర్కారు జీపులో బతుకమ్మ

సద్దుల బతుకమ్మ నాడు పొద్దుగూకేలోగా జరిగితీరవలసిన పనులు ఈ విధంగా నిర్ణయమయ్యాయి. ఒకటి: బ్లాకు అభివృద్ధి అధికారి దశరథం గారు దారిలోని మూడు గ్రామాల ప్రగతిని స్వయంగా పరిశీలించడం. రెండు: ఆ గ్రామాల ప్రజలు ఆనందించడం. మూడు: దశరథం గారు కొండగట్టు అంజన్నను దర్శించి, పై ఉద్యోగం ఇప్పించమని మొక్కుకోవడం. నాలుగు: మూడో పనికి సర్కారు జీపు వాడినందుకు మొదటి పని కారణంగా చూపడం. ఐదు: ఎలాగూ దారిలోనే ఉన్నది కాబట్టి, నా భార్యాబిడ్డలను వాగొడ్డుపల్లెలో మా అత్తగారింట్లో దించడం.

ఐదో పని నాది. మిగిలినవి దేశానివి.

ఇది 1958 నాటి సంగతి. మా మగ్గం ఇంట్లో బి.ఏ. చదివిన మొదటివాణ్ణి నేను. చదువుకున్నవాడు పెద్దల మాట జవదాటకూడదని కాలేజీలో నేర్పారు. చదువుకోనివాడు కూడా జవదాటకూడదని అంతకుముందే ఇంట్లో నేర్పి ఉన్నారు. ఈ రెండు విద్యల బలం మీద నాకు బ్లాకులో విస్తరణాధికారి ఉద్యోగం దొరికింది. దశరథం గారు ఎక్కడికి విస్తరిస్తే అక్కడికి వెంట పోవడం నా బాధ్యత.

మా బిడ్డ మల్లక్కకు అప్పుడు ఏడేళ్లు. ఏడేళ్ల పిల్లను అక్కా అని పిలవడమేమిటని మీకు అనిపించవచ్చు. మా అమ్మ పేరు పెట్టాం, అంతే. ఆ ఏడు మల్లక్క మొదటిసారి తనంతట తాను బతుకమ్మ పేర్చింది. ఇత్తడి తాంబాళంలో అడుగున వెడల్పుగా తంగేడు, దాని మీద రంగులద్దిన గునుగు, ఆపైన చిన్న వరుసలో చామంతులు, అన్నిటికీ మీద గుమ్మడిపువ్వులో పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ. ఇది ఆటకోసం పేర్చింది కాదు. మా అత్త దుర్గవ్వకు నూలు కండెలు చుట్టి చుట్టి వేళ్లు కొయ్యబారిపోయాయి, ఇక పేర్చే శక్తి లేదు. సద్దుల నాడు బతుకమ్మ బయటికెల్లని ఇల్లంటే ఆ ఊళ్లో దీపం పెట్టని ఇంటితో సమానం. కిందటేడే దుర్గవ్వ మనుమరాలికి చెప్పి ఉంచింది.

"వచ్చే ఏడు నా ఇంటి బతుకమ్మ నువ్వే తేవాలె బిడ్డా. నువ్వు తెస్తేనే నేను నలుగుర్ల నిలబడుడు."

మల్లక్క ఆ మాటను పన్నెండు నెలలు దాచిపెట్టుకున్నది.

జీపులో ముందు సీటు దశరథం గారిది. వెనక సీటులో నేను, నా భార్య సరోజన, మధ్యలో మల్లక్క. పిల్ల కనిపించలేదు. పూల వెనక రెండు కళ్లు కనిపించాయి.

"సారూ, తొవ్వ మస్తు గతుకులున్నది. పిల్లను గట్టిగ పట్టుకోమనుండ్లి," అన్నాడు డ్రైవర్ హనుమండ్లు.

"పిల్లను నేను పట్టుకున్న. పిల్ల బతుకమ్మను పట్టుకున్నది. నువ్వు జర జీపును పట్టుకో," అన్నది సరోజన.

మొదటి గ్రామంలో ఎరువు గుంత ఉన్నది. అది అంతకుముందు రెండుసార్లు ప్రారంభోత్సవం జరుపుకొని, ఎంత శుభ్రంగా ఉన్నదంటే అందులో పిల్లలు గోలీలాడుకుంటున్నారు. జీపు చప్పుడు వినగానే ఊరివాళ్లు పండుగకు ఊడ్చిన చెత్తంతా తెచ్చి అందులో పోసి, పిల్లలను పైకి లాగారు. అయినా దశరథం గారు జీపు దిగలేదు. మెడలో దండ పడనిదే ఆయన దిగరు. ఇది గర్వం కాదు, ముందుజాగ్రత్త. దండ లేకుండా దిగిన అధికారిని చూసి శిస్తు వసూలుకు వచ్చాడని ప్రజలు చెదిరిపోయే ప్రమాదం ఉన్నది.

ఊరి పెద్ద బుచ్చిరాములు చేతులు నలుపుకొన్నాడు. "సారు వస్తడని మాకు ఎరుకనే లేకపాయె. గియ్యాల ఊళ్లె పువ్వు దొరుకుతదా? ఆడోళ్లు కోడి కూయకముందే చెట్లన్ని దులిపిండ్రు. ఇంట్లకు పోయి అడిగితే కట్టె పడుతరు."

ఇలా అంటూనే అతడు జీపు వెనక సీటు వైపు చూశాడు. తర్వాత ఊరంతా చూసింది. చివరకు దశరథం గారు కూడా మెడ తిప్పి చూశారు. పై అధికారి చూసిన వైపు ఏం చేయాలో బి.ఏ. చదివినవాడికి వేరే చెప్పనక్కరలేదు. మగ్గం ఇంటివాణ్ణి గనక నా జేబులో దారపు ఉండ ఎప్పుడూ ఉంటుంది. గౌరమ్మను ఎత్తి మల్లక్క చేతికిచ్చాను. చామంతుల వరుస తీశాను.

"బాపూ, గవి నావి."

"పెద్దసారుకు బిడ్డా. ఒక్క వరుసే."

దండ పడింది. నుదుట కుంకుమ పడింది. దశరథం గారు దిగి ప్రసంగించారు.

"సోదర సోదరీమణులారా! ఈ చిన్నారి త్యాగాన్ని చూడండి! తన పూలను దేశాభివృద్ధికి అర్పించింది. మీరు కూడా మీ చెత్తను అర్పించండి! ఎల్లుండి దసరా. జమ్మి ఆకును బంగారమని పంచుకుంటారు. కాని ఆకు ఆకే! నిజమైన బంగారం చెత్త! దాన్ని గుర్తించిన నాడే ఈ దేశం ముందుకు పోతుంది!"

ప్రజలు చప్పట్లు కొట్టారు. బుచ్చిరాములు ఒక్కడే సందేహంలో పడ్డాడు. "అంటే సారూ, దసరా నాడు అలాయ్‌బలాయ్ అని కావలిచ్చుకొని చేతుల చెత్త పెట్టాల్నా?"

విషయం పరిశీలనలో ఉన్నదని నేను జవాబిచ్చాను.

జీపు కదిలాక మల్లక్క తల్లిని అడిగింది. "అవ్వా, త్యాగం అంటే ఏంది?"

"మనం ఇయ్యకముందే గుంజుకునుడు," అన్నది సరోజన. ఆమె చదువుకోలేదు కనుక ఆ నిర్వచనాన్ని నేను పట్టించుకోలేదు.

రెండో గ్రామంలో ఉన్నది వయోజనుల రాత్రిబడి. రాత్రిబడిని పగలు తనిఖీ చేయడంలో కొంత ఇబ్బంది ఉన్నది. ఊరివాళ్లు దాన్ని తేలికగా దాటారు. తలుపులూ కిటికీలూ మూసి, కందిలి ముట్టించి, మిట్టమధ్యాహ్నం రాత్రిని ఏర్పాటు చేశారు. పండుగ కల్లు కోసం బయలుదేరిన వయోజనులను దారిలో ఆపి కూర్చోబెట్టారు. వాళ్లు ముంతలు ఒళ్లో పెట్టుకొని అ, ఆ లు దిద్దారు. దశరథం గారు చీకట్లో గడపకు తన్నుకొని, ఇంత చీకట్లో కూడా చదువు సాగుతున్నందుకు సంతృప్తి వెలిబుచ్చారు.

అంతకుముందు జీపు దిగడానికి ఇక్కడ కూడా దండ కావలసి వచ్చింది. మెడలో ఉన్న దండనే తీసి మళ్లీ వేయవచ్చు కదా అని సరోజన అమాయకంగా అడిగింది. వేయరాదు. ఒక గ్రామం చేసిన గౌరవాన్ని ఇంకో గ్రామానికి బదిలీ చేయడమవుతుంది. బదిలీలకు పైవారి అనుమతి కావాలి. ఇక మెడలో దండను తీసి పక్కన పెట్టడమంటారా, ప్రజలు వేసినదాన్ని తీయడం ప్రజలను తీసివేయడమేనని దశరథం గారి అభిప్రాయం. అందువల్ల గునుగు వరుస కూడా పోయింది. చామంతి వరుస కంటె గునుగు వరుస పెద్దది గనక ఈ దండ మొదటిదానికంటె పొడుగ్గా వచ్చి, ఛాతీ మీదికి దిగింది.

ఈసారి మల్లక్క నావి అనలేదు. గౌరమ్మను పిడికిట్లో గట్టిగా పట్టుకొని, "బాపూ, తంగేడన్న ఉంటది గదా?" అని అడిగింది.

"ఉంటది బిడ్డా," అన్నాను. అప్పటికి ఉన్నది కాబట్టి అది అబద్ధం కాదు.

మూడో గ్రామం శ్రమదానంతో రోడ్డు వేసుకున్నది. ఆ రోడ్డు మీద మావిడాకులతో స్వాగత తోరణం కట్టారు. ఎడ్లబండి కొలతతో కట్టినందువల్ల అందులోంచి జీపు పట్టలేదు. తోరణం విప్పితే స్వాగతం విప్పినట్టవుతుంది. కనుక దశరథం గారు తోరణం కింద నుంచి నడిచారు. జీపు పక్కనున్న మక్కచేను తొక్కుకుంటూ వెళ్లి అవతల రోడ్డెక్కింది. చేను యజమాని మొండయ్యను సభ ముందుకు పిలిచి, దేశం కోసం పంటను అర్పించినందుకు అభినందించారు.

"నేనెప్పుడు అర్పించిన సారూ? నేను వద్దువద్దని ఉరుకుతనే ఉన్న, జీపు తొక్కుతనే ఉన్నది!" అన్నాడు మొండయ్య.

ఆ మాటలు చప్పట్లలో కలిసిపోయాయి. తంగేడు వరుస కూడా అక్కడే కలిసిపోయింది. అడుగు వరుస కాబట్టి అన్నిటికంటె పెద్ద దండ అయింది. దశరథం గారి కడుపు చుట్టూ బారుగా పరుచుకొని ఒళ్లో పడింది. ఆ ఊరి ఆచారం ప్రకారం అతిథికి పసుపు కూడా రాశారు. ఆయన నుదురు నడినెత్తి దాటి వెనక్కి విస్తరించి ఉన్నందువల్ల పసుపు కొంచెం ఎక్కువే పట్టింది.

వెనక సీటులో మల్లక్క ఒళ్లో ఉత్త తాంబాళం మిగిలింది. సరోజన కిటికీ వైపు తిరిగి కూర్చున్నది. జీపుకు కిటికీ లేదు.

"ఓ మల్లక్క బాపూ," అన్నది కొంతదూరం పోయాక. "మా అవ్వకు ఏం జెప్తవు?"

పరిస్థితులు వివరిస్తానన్నాను.

మేం పోయేసరికి వాగొడ్డుపల్లె ఆడవాళ్లందరూ వాగు ఒడ్డున చేరి ఉన్నారు. పొద్దు చెట్ల కిందికి దిగుతున్నది. ప్రతి మనిషి ముందూ బతుకమ్మ ఉన్నది. దుర్గవ్వ ముందు నేల ఉన్నది.

"ఏం దుర్గవ్వా," అంటున్నది పక్కింటి దేవవ్వ. "నీ మనుమరాలి బతుకమ్మ ఏ బండెక్కిందే? గీ ఏడు వస్తదా, వచ్చే ఏడు వస్తదా?"

"సర్కారు బండెక్కింది. సర్కారు బండి ఆలిశమైతది గని రాక తప్పదు," అన్నది దుర్గవ్వ. అంటూనే జీపును చూసింది. పరుగున వచ్చింది.

మల్లక్క ఉత్త తాంబాళంతో దిగింది. దుర్గవ్వ తాంబాళాన్ని చూసింది, పిల్లను చూసింది, నన్ను చూసింది. నేను పరిస్థితులు వివరించబోయాను.

"ఏదే బిడ్డా, బతుకమ్మేదే?"

మల్లక్క ఏడవలేదు. వేలు పెట్టి చూపింది.

"గాడున్నది అమ్మమ్మా. ముందు సీట్ల కూసున్నది."

అందరూ చూశారు. కింద వెడల్పుగా తంగేడు, దాని మీద గునుగు, మెడ దగ్గర చామంతులు, అన్నిటికీ మీద పసుపు పూసిన గుండ్రని తల. వరుస ఎక్కడా తప్పలేదు. దుర్గవ్వ నడుం మీద చేతులు పెట్టుకొని కింది నుంచి మీది దాకా చూసింది.

"మంచిగనే పేర్చినవ్ బిడ్డా," అన్నది చివరకు. "జర బరువెక్కువైంది. గంతే."

తర్వాత ఆమె జీపు ముందుకు వచ్చి చేతులు జోడించి, దొర గారు కూర్చున్నచోటే కూర్చోవాలని కోరింది. ఆడవాళ్లు తమ బతుకమ్మలను జీపు చుట్టూ పెట్టారు. చప్పట్లు మొదలయ్యాయి. పాట మొదలయింది. వలయం తిరిగింది. మల్లక్క దుర్గవ్వ కొంగు పట్టుకొని అందరికంటె ముందు తిరిగింది.

దశరథం గారి కళ్లు చెమ్మగిల్లాయి. "సారయ్యా," అన్నారు నన్ను పేరు పెట్టి పిలిచి, "ఇంతవరకూ నాకు దండలు వేసిన గ్రామాలున్నాయి గాని, నా చుట్టూ తిరిగిన గ్రామం లేదయ్యా." ఆఫీసులో పని కోసం ఆయన చుట్టూ తిరిగేవారిని లెక్కలోకి తీసుకోరాదని నేను అర్థం చేసుకున్నాను.

పాట ఆగింది. దుర్గవ్వ ముందుకు వచ్చింది. "దిగుండ్లి అయ్యా. పొద్దుగూకవట్టె. ఇగ వాగుల సాగతోలాలె."

దశరథం గారు నావైపు చూశారు. "ఇది కూడా కార్యక్రమంలో ఉన్నదా?"

నేను ఉద్యోగంలో ఏనాడూ అబద్ధం చెప్పలేదు. "ఉన్నది సార్. ఇదే ఆఖరి అంశం."

ఆయన ఆడవాళ్ల వైపు తిరిగారు. "సోదరీమణులారా! ప్రజలు కోరితే నేను ఎంత లోతుకైనా దిగుతాను!" అని బూట్లు విప్పి వాగులోకి దిగారు. మోకాళ్లు మునిగే లోతు వచ్చింది. మల్లక్క ఇన్ని ఊళ్ల నుంచి పిడికిట్లో దాచుకున్న గౌరమ్మను ఆయన దోసిట్లో పెట్టింది. "జారిపోతది, జర పైలం సారూ," అన్నది.

దుర్గవ్వ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. వేళ్లు వంగకపోయినా ఆ చేతిలో బలం ఉన్నది. "కూసో అయ్యా. నిలబడ్డ బతుకమ్మను మా ఊళ్లె ఎన్నడు సాగతోలలే."

ఆయన కూర్చున్నారు. నీళ్లు మెడదాకా వచ్చాయి. ముందు తంగేడు తేలింది, తర్వాత గునుగు, తర్వాత చామంతులు. దండలు ఒక్కొక్కటే తల మీదుగా జారి వాగులో పడి కిందికి పోయాయి. గౌరమ్మ కరిగింది. ఆడవాళ్లు మళ్లీ ఏడాది రమ్మని గౌరమ్మకు చెప్పారు. దుర్గవ్వ దశరథం గారి వైపు వంగి, "నువ్వు రాకున్నా ఏం గాదు అయ్యా," అని మెల్లగా కలిపింది. దేవవ్వ ఆయన తడి చేతిలో బతుకమ్మ ప్రసాదం మలీద ముద్ద పెట్టి, ఆ ఏడు ఊళ్లో అందరికంటె పెద్ద బతుకమ్మ దుర్గవ్వ ఇంటిదేనని నలుగురిలో ఒప్పుకున్నది.

తడిబట్టలతో దర్శనానికి ఫలం ఎక్కువంటారు. దశరథం గారు అలాగే కొండగట్టు ఎక్కారు. ఉగాదిలోగా పై ఉద్యోగం వచ్చింది. వాగొడ్డుపల్లె స్వాగతాన్ని ఆయన మరచిపోలేదు. కొత్త హోదాలో మొదట జారీ చేసిన ఉత్తర్వే దాని గురించి: పర్యటనకు వచ్చే అధికారులను ఆదర్శ గ్రామాలలో పూలతో నిలువెల్లా కప్పి, మహిళలు చుట్టూ తిరిగి గౌరవించవలెను. సాగనంపే భాగం మాత్రం ఉత్తర్వులో లేదు. అది స్థానిక మూఢాచారమని కొట్టివేయబడింది. ముసాయిదా నేనే రాశాను. అక్షర దోషాలు లేవని మెచ్చుకున్నారు.

ఆ ఉత్తర్వు నేటికీ చక్కగా అమలవుతున్నది. పూలు పేరుస్తున్నాం, చుట్టూ తిరుగుతున్నాం, చప్పట్లు కొడుతున్నాం. వాగు దాకా మాత్రం ఎవరమూ పోవడం లేదు. అందువల్ల ముందు సీట్లో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉన్నారు. మీ ఊళ్లో కూడా ఒకరుంటారు. ఆయన మెడలో దండలు లెక్కపెట్టి చూడండి, ఒకటి మీ ఇంటి పూలదే అయి ఉంటుంది.

దుర్గవ్వ కిందటేడు పోయింది. ఏ ఎరువు గుంత మీదా, ఏ రాత్రిబడి గోడ మీదా ఆమె పేరు లేదు. ఆట అయినాక సాగతోలాలన్న సంగతి మరచిపోని మనిషి నాకు తెలిసి ఆమె ఒక్కతే. దయచేసి ఆమెను యాదిలో ఉంచుకోండి. ముఖ్యంగా, చేతిలో దండ ఉన్నప్పుడు.