మార్లిస్ మోకాలికి టిప్పు

సోమవారం పొద్దున్నే తను వడ్డించే డైనర్ హోటలు తలుపు తెరుస్తూ మార్లిస్ వేసుకున్న పథకం చాలా సులువైనది. శనివారం మధ్యాహ్నం దాకా ఎవరి దగ్గరా ఒక్క డాలరు టిప్పు తీసుకోకూడదు. అంతే.

ముప్పై ఏళ్లుగా ఆమె టిప్పుల మీదే బతికింది. యజమాని వెండెల్ ఇచ్చే జీతం గంటకు మూడు డాలర్లు కూడా ఉండదు. ఇండియానాలో వడ్డించేవాళ్లకు అది మామూలే. మిగతాది కస్టమర్ల చేతుల్లోంచి రావాలి. చిక్కల్లా ఒక్కటే. మనిషి నిలబడి ఉన్నంతసేపే టిప్పు వస్తుంది. మార్లిస్ కుడి మోకాలేమో ఇక నిలబడనంటోంది. ఆపరేషన్ చేయించుకుని ఆరు వారాలు పని మానేయాలని డాక్టరు తేల్చి చెప్పాడు. మంచం దాకా వచ్చి టిప్పు పెట్టి వెళ్లేవాళ్లెవరు?

అందుకే ఆమె వెండెల్‌ను నిలదీసింది. "నాకు పూర్తి జీతం ఇవ్వు. ఆ ఆరు వారాలు కూడా ఇవ్వు."

"ఇవ్వాలంటే రేట్లు పెంచాలి. పెంచితే వీళ్లు నన్నే పెనం మీద వేయిస్తారు," అన్నాడు వెండెల్. "వీళ్లకి టిప్పు ఇవ్వడమే ఇష్టం. కాదంటావా, రుజువు చెయ్యి. శనివారం మధ్యాహ్నం దాకా బల్ల మీద ఒక్క డాలరు కూడా మిగలకపోతే నువ్వు చెప్పినట్టే చేస్తా. మిగిలిందా, పాత పద్ధతే."

తలుపుకు బోర్డు వేలాడింది: 'ఇక్కడ టిప్పు తీసుకోము.' కారణం మాత్రం ఎవరికీ చెప్పనని మార్లిస్ అతనిచేత ఒట్టు వేయించుకుంది. కిందటేడు బేకరీ ఆయనకు గుండె జబ్బు చేస్తే, ఊళ్లో ప్రతి కౌంటరు మీదా ఆయన ఫోటో అంటించిన చందా సీసా వెలిసింది. "నా మోకాలి ఫోటో సీసా ఎక్కడం నేను బతికుండగా జరగదు," అంది.

మొదటి దెబ్బ కోచ్ గాంట్ కొట్టాడు. ఊరి హైస్కూల్లో ఫుట్‌బాల్ నేర్పి రిటైరైన పెద్దమనిషి ఆయన. యాభై ఆరేళ్ల మార్లిస్‌ను ఇప్పటికీ 'అమ్మాయ్' అనే పిలుస్తాడు.

"ఏంటి అమ్మాయ్ ఆ బోర్డు? మా డబ్బుకి తెగులు పట్టిందా?"

"రూలు, కోచ్."

"ఆమ్లెట్ తినేసి ఊరికే లేచిపోడానికి నేనేమైనా దొంగనా?"

"ఊరికేం కాదు కదా, బిల్లు కట్టారు."

"బిల్లు వెండెల్‌కి. మరి నీకు?"

జవాబు వినకుండా ఎప్పటిలాగే ప్లేటు కింద మూడు డాలర్లు పెట్టి వెళ్లిపోయాడు. మార్లిస్ కుంటుకుంటూ పార్కింగ్ దాకా పరుగెత్తి, ఆ మూడు నోట్లనూ ఆయన ట్రక్కు కిటికీలోంచి లోపల పడేసింది. కోచ్ మొహం ఎర్రబడింది. ఆయన ఇచ్చినదాన్ని తిప్పికొట్టినవాళ్లు అంతవరకూ లేరు.

మంగళవారం ఆయన అయిదు డాలర్లను కెచప్ సీసా కింద దాచాడు. మార్లిస్ మళ్లీ పరుగు, మళ్లీ కుంటు. పక్క బల్ల దగ్గరున్న మంగలి లాయిడ్ ఇదంతా గమనించి, కోచ్ వెనకే బయటికొచ్చాడు.

"ఆవిడ కుంటుతోంది చూశావా? పాపం, ఏదో కష్టంలో ఉంది."

"కష్టంలో ఉండి కూడా వద్దంటోంది. ఏం పౌరుషం!" అన్నాడు కోచ్. "ఇలాంటి మనిషికి ఇవ్వకపోతే ఇంకెవరికిస్తాం?"

అక్కణ్ణుంచి వ్యవహారం చెయ్యి దాటిపోయింది. టిప్పు పెడితే మార్లిస్ పరుగెత్తాలి. పరుగెత్తితే మోకాలు వాస్తుంది. వాచిన మోకాలు చూసి జనానికి గుండె కరుగుతుంది. కరిగిన గుండె ఇంకా పెద్ద నోటు తీస్తుంది. గురువారానికల్లా అది ఊరి పరువుకు సంబంధించిన పోటీ అయింది. నోట్లు పాన్‌కేకుల మధ్య దొరికాయి, మెనూ అట్టల వెనక దొరికాయి. ఒకటి ఆమె ఏప్రన్ జేబులోకి ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. కాఫీ ఫిల్టర్లో లాయిడ్ దాచిన పది డాలర్ల మీద వెండెల్ వేడినీళ్లు పోయబోయి ఆఖరి క్షణంలో ఆగాడు. మార్లిస్ మాత్రం ఏ నోటునూ బల్ల మీద నిలవనివ్వలేదు. ప్రతిదాన్నీ వెంటపడి మరీ తిరిగిచ్చింది.

శనివారం పొద్దున కోచ్ ఎత్తు మార్చాడు. తెలిస్తేనే కదా తిరిగిస్తుంది! డైనర్ వెనక మార్లిస్ కారు ఆగి ఉంది. అద్దం కొంచెం దిగి ఉంది. కోచ్ ఇరవై డాలర్ల నోటు పిడికిట్లో పట్టుకుని, భుజం దాకా చెయ్యి లోపలికి దూర్చాడు. వాచీ ఎక్కడో చిక్కుకుంది. లాగాడు. కారు అలారం ఊరు అదిరేలా అరిచింది.

ఎదురు రోడ్డులో ఉన్న పోలీసు డిప్యూటీ రస్టీ పరుగున వచ్చాడు. ఒకప్పుడు కోచ్ జట్టులో ఆడినవాడే.

"సార్... చేతులు పైకెత్తండి. ప్లీజ్ సార్."

"ఒకటి ఎత్తాను కదరా. రెండోది కారులో ఉంది."

"కారులోంచి ఏం తీస్తున్నారు సార్?"

"తియ్యట్లేదురా, పెడుతున్నా!"

"ఇన్నేళ్ల సర్వీసులో కారు అద్దంలోంచి చెయ్యి దూర్చి పెట్టేవాణ్ణి చూళ్లేదు సార్."

"నువ్వు ఆటలోనూ అంతేరా. బంతి ఎటు పోతోందో ఏ రోజూ చూళ్లేదు."

చెయ్యి విడిపించి, రస్టీ ఆయన్ను డైనర్‌లోకి తీసుకొచ్చాడు. తింటున్నవాళ్లంతా ఫోర్కులు గాల్లోనే ఆపేశారు. కోచ్ పిడికిలి తెరిచాడు. నలిగిన ఇరవై డాలర్లు అందరి ఎదుటా బల్ల మీద పడ్డాయి. "ఇది మాత్రం చచ్చినా వెనక్కి తీసుకోను," అన్నాడు.

వెండెల్ దానివంక చూశాడు, గడియారంవంక చూశాడు. "ఇంకా మధ్యాహ్నం కాలేదు," అన్నాడు మెల్లగా. "క్షమించు మార్లిస్. పాత పద్ధతే."

మార్లిస్ స్టూలు పట్టుకుని నిలబడింది.

"మార్లిస్ గారూ, కేసు పెడతారా?" అడిగాడు రస్టీ.

"పెడతా."

"ఏమని?"

"దొంగతనమని. నా ఆరు వారాలు ఎత్తుకుపోయాడు."

ఇక దాచడానికేమీ మిగల్లేదు. మోకాలు, ఆపరేషన్, వెండెల్ పెట్టిన షరతు, అన్నీ చెప్పేసింది. చివర కోచ్ కళ్లలోకి సూటిగా చూసింది. "మీ ఇరవైతో ఇవాళ గడుస్తుంది కోచ్. నేను నడవలేని రోజు సంగతేంటి? నాకు జాలి అక్కర్లేదు. ముప్పై ఏళ్లు ఒక్క ప్లేటు కింద పడెయ్యకుండా పని చేశాను. జీతం కావాలి."

ఏ రిఫరీకీ సారీ చెప్పని కోచ్ తల దించుకున్నాడు. తర్వాత వెండెల్ వైపు తిరిగాడు.

"ఆమ్లెట్ ఎంతరా?"

"పదకొండు."

"పద్నాలుగు చెయ్యి. ఇన్నేళ్లుగా నేనిస్తున్నది పద్నాలుగే. అందులో మూడు నీ కంట పడలేదు, అంతే."

"కిందటేడు పావలా పెంచితే కుర్చీ తన్నారు కదా!"

"అది నీకోసం పెంచావు."

"పాన్‌కేకులూ పెంచు," అన్నాడు లాయిడ్. "బర్గరూ పెంచు!" అని మూలనుంచి ఇంకో కేక. రేట్లు పెంచమని కస్టమర్లు తన మీద అరవడం వెండెల్ కలలో కూడా చూడలేదు. చేతికి దొరికిన సుద్దముక్కతో గోడ మీది ధరలు గబగబా దిద్దడం మొదలుపెట్టాడు.

"కాఫీ కూడా పెరుగుతుందా?" అడిగాడు రస్టీ.

"పెరుగుతుంది."

రస్టీ నిట్టూర్చాడు. అయినా పట్టుకారుతో ఆ ఇరవై నోటును ఎత్తి ప్లాస్టిక్ సంచిలో వేసుకున్నాడు. "ఇది సాక్ష్యం. టిప్పు కానే కాదు. అంటే ఈ వారం బల్లల మీద డాలరు మిగల్లేదన్నమాట. అవునా వెండెల్?"

"అవునవును," అన్నాడు వెండెల్, సుద్ద దులుపుకుంటూ. కోచ్ తన పాత శిష్యుణ్ణి ఎగాదిగా చూశాడు. "ఇవాళ చూశావురా బంతిని," అన్నాడు.

మార్లిస్ ఏప్రన్ సర్దుకుని నిటారుగా నిలబడింది. "ఎవరిదో ఆర్డరు చల్లారిపోతోంది," అంటూ వంటగది వైపు నడిచింది. కుంటుతూనే నడిచింది, కానీ దారిలో ఉన్నవాళ్లంతా లేచి నిలబడి జరిగారు.

ఆపరేషన్ బాగా జరిగింది. జీతం ప్రతి శుక్రవారం మంచం దగ్గరికే వచ్చింది. ఆ ఆరు వారాలూ వెండెలే స్వయంగా బల్లల దగ్గర వడ్డించాడు, కస్టమర్లు టిప్పు ఇవ్వకూడదన్న నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించారు.