తామర రేకులో పెనాల్టీ

ఆ ఆదివారం పొద్దున సత్యానందం వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్రార్థన అయ్యాక ఇంత సద్దన్నం తినాలి, మైదానంలో గీతలు గీయించాలి, సాయంత్రం సూర్యాపేట జట్టుకూ మిర్యాలగూడ జట్టుకూ మధ్య ఫుట్‌బాల్ ఆట నడిపించాలి, పొద్దుగూకే వేళకు ఇంటికొచ్చి నులకమంచం మీద వాలిపోవాలి. సద్దన్నం వరకు అంతా సవ్యంగానే జరిగింది.

అతడు కోదాడ బడిలో డ్రిల్లు మాస్టరు. మిషన్ బడిలో చదువుకునేటప్పుడు ఫుట్‌బాల్ ఆడినవాడు కాబట్టి, ఆ చుట్టుపక్కల ఆట నియమాలు తెలిసిన మనిషి అతడొక్కడే. పోలీసు చర్య జరిగి ఏడాది గడిచి, జనం ఇప్పుడిప్పుడే ఆటపాటల మీద మనసు పెడుతున్న రోజులు. ఎండాకాలంలో సూర్యాపేటలో ఈ రెండు జట్ల ఆట కొట్లాటతో ముగిసింది. అందుకని ఈసారి ఇద్దరికీ సొంతం కాని కోదాడలో ఆడించి, రెండు ఊళ్ళకూ పొత్తు కుదర్చాలని పెద్దలు అనుకున్నారు.

సత్యానందానికి చిక్కు వేరే ఉంది. అతని హెడ్మాస్టరు రామలింగయ్యది సూర్యాపేట. సత్యానందం ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఖాయం చేయవలసింది రామలింగయ్యే. అటు మిర్యాలగూడ జట్టు కెప్టెన్ దేవసహాయం, సత్యానందం భార్య జానమ్మకు సొంత తమ్ముడు.

"ఇయ్యాల ఎవలు గెల్చినా నాకు అన్నం పుట్టేటట్టు లేదు" అన్నాడు సత్యానందం చెయ్యి కడుక్కుంటూ.

"మా తమ్ముడు గెలిస్తే అన్నం నేను పెడత. ఓడితే మీ హెడ్మాష్టరు ఇంటికే పోయి తిను" అంది జానమ్మ.

మొదటి ఇబ్బంది సున్నంతో వచ్చింది. ఉన్న సున్నమంతా ముందు రోజే బడి గోడలకు వేసేశారు. గీతలకేం చేయాలా అని ఆలోచిస్తుంటే పక్కింటి పిచ్చమ్మ ముగ్గుపిండి బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. కోదాడలో ఆమె చేతి ముగ్గుకు సాటి లేదని ఆమె నమ్మకం. సత్యానందం గజాలు కొలిచి, మేకులు పాతి, గోలు ముందర పెట్టెలాగా గీత రావాలని చెప్పి, సూర్యాపేట బస్సుకు ఎదురు వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ఒక గోలు ముందర పెట్టె ఉంది. పెట్టెకు మూడు వైపులా తామర రేకులు విచ్చుకుని ఉన్నాయి. రేకుల కొసల నుంచి బయలుదేరిన తీగ ఒకటి విజయవాడ రోడ్డు దాకా పాకింది.

"ఇదేంది పిచ్చమ్మా?"

"నాలుగు గీతలు కొట్టి ఇడిస్తే సూసినోళ్ళు నాకు ముగ్గు రాదనుకోరా, పంతులూ? ఇంకో దిక్కు గూడ ఏద్దునుగని పిండి అయిపాయె."

చెరపడానికి వేళ లేదు. తప్పు సరిగ్గా ఆ రేకుల్లోనే ఎందుకు జరుగుతుందిలే అని సత్యానందం తనకు తాను చెప్పుకున్నాడు.

ఆట చాలాసేపు పేచీ లేకుండా సాగింది. ఎవరూ గోలు కొట్టలేదు, ఎవరూ ఎవరినీ కొట్టలేదు. ఇంకాసేపట్లో ముగిసిపోతుందనగా దేవసహాయం బంతి తీసుకుని సూర్యాపేట గోలు వైపు దూసుకువచ్చాడు. వెనక ధన్‌సింగ్ పరుగెత్తుకొస్తున్నాడు. అతడు సూర్యాపేట జట్టులో అందరికంటే భారీ మనిషి. ఎండ కళ్ళలో పడి సత్యానందం రెప్పలార్చాడు. కళ్ళు తెరిచేసరికి దేవసహాయం తామర రేకు నట్టనడుమ కూలబడి ఉన్నాడు. ధన్‌సింగ్ దగ్గర్లో నిలబడి ఉన్నాడు. సత్యానందం ఈల ఊదేశాడు.

"పెనాల్టీ" అన్నారు మిర్యాలగూడవాళ్ళు.

"ఫ్రీ కిక్" అన్నారు సూర్యాపేటవాళ్ళు.

"నేను ముట్టనే లేదు" అన్నాడు ధన్‌సింగ్. ఆ మాట ఎవరూ వినలేదు.

జనం మైదానంలోకి వచ్చేశారు. రెంటికీ తేడా ఏమిటో చెప్పమన్నారు. సత్యానందం బడిలో చెప్పినట్టే నిదానంగా చెప్పాడు. "పెట్టె బయట తప్పు జరిగితే ఫ్రీ కిక్. తప్పు జరిగిన కాడనే బంతి పెట్టి తంతరు. ఎదుటోళ్ళు పది గజాల దూరంల గోడ లెక్క అడ్డం నిలబడొచ్చు. పెట్టె లోపల జరిగితే పెనాల్టీ. గోలుకు పన్నెండు గజాల కాడ బంతి పెడ్తరు. తన్నేటోడు ఒక్కడు, గోలు కాసేటోడు ఒక్కడు. మిగిలినోళ్ళంత పెట్టె బయటికి పోవాలె."

ఎముకలు కట్టే మట్టయ్య చిలుకూరు నుంచి ఆట చూడ్డానికి వచ్చాడు. ఆయన గడ్డం గోక్కున్నాడు. "అంటే ఫ్రీ కిక్కుల మందంత అడ్డం ఉంటరు. పెనాల్టీల ఎవ్వలు అడ్డం ఉండరు. మరి గిండ్ల ఏది ఫ్రీ, పంతులూ?"

మిషన్ బడిలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. సత్యానందం దాన్ని దాటవేసి, గీత మీద జరిగినా లోపల జరిగినట్టే లెక్క అన్నాడు. అక్కడ కొత్త పేచీ మొదలైంది.

"రేకు గీత కాదు, అలంకారం" అన్నాడు రామలింగయ్య. "పెట్టె అంటే నాలుగు మూలలు. రేకు బయటిది."

"ఏసినామెనే అడుగుదం" అన్నారు మిర్యాలగూడవాళ్ళు.

పిచ్చమ్మ హెడ్మాస్టరును కింది నుంచి పైకి చూసింది. "పువ్వుకు రేకు బయటిదెట్లయితది సారూ? నీ చెవి నీకు బయటిదా?"

రామలింగయ్య చెయ్యి తనకు తెలియకుండానే చెవి మీదికి పోయింది. జనం నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఇంతలో రేకులోంచి దేవసహాయం గొంతు సన్నగా వినిపించింది. "బావా, జర ఇటు రా."

సత్యానందం మొహం తిప్పుకున్నాడు. "ఇక్కడ బావ ఎవ్వడు లేడు. రిఫరీ ఉన్నడు." బావమరిదితో గుసగుసలాడితే సూర్యాపేటవాళ్ళు ఊరుకుంటారా?

దేవసహాయం లేవకపోవడం చూసి తమ్ముడి కాలు విరిగిందని ఎవరో జానమ్మకు చెప్పారు. ఆమె పసుపు, నువ్వుల నూనె పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. మట్టయ్య పని దొరికినందుకు సంతోషించి దేవసహాయం కుడికాలు పట్టుకుని లాగాడు. దేవసహాయం రెండు చేతులతో నడుం పట్టుకుని కేక పెట్టాడు. ఎడమకాలు లాగాడు. ఇంకా పెద్ద కేక పెట్టాడు.

"నొప్పి నడుములకు ఎక్కింది" అని మట్టయ్య జనానికి చెప్పాడు. "సూడుండ్రి, చేతులు నడుం ఇడుస్తలేవు."

ఆ కేకలు విన్న ధన్‌సింగ్ మనసు కరిగిపోయింది. నేల మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. "నా కాలే తగిలి ఉంటది. ఎప్పుడు తగిలిందో నాకే తెల్వలే. తప్పు నాదే" అన్నాడు. ఆ ఒప్పుకోలుకు మిర్యాలగూడవాళ్ళ కళ్ళు కూడా చెమర్చాయి.

ఇక తీర్పు చెప్పక తప్పలేదు. సత్యానందం ఒకసారి హెడ్మాస్టరును, ఒకసారి భార్యను, ఒకసారి తామరను చూశాడు. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాడు. "రేకు పువ్వుదే. పెనాల్టీ" అన్నాడు.

"రేపు బడికి రా, మాట్లాడుకుందం" అన్నాడు రామలింగయ్య మెల్లగా.

పెనాల్టీ అంటే అందరూ పెట్టె బయటికి పోవాలి. రేకు పువ్వుదైతే తీగ కూడా పువ్వుదేనని పిచ్చమ్మ పట్టుబట్టింది. ఆమెతో వాదించే ఓపిక ఎవరికీ మిగల్లేదు. రెండు జట్లూ, జనమూ, జానమ్మా, మట్టయ్యా, హెడ్మాస్టరూ తీగ వెంబడి వెనక్కి జరుగుతూ జరుగుతూ విజయవాడ రోడ్డు ఎక్కారు. బెజవాడ నుంచి వస్తున్న బస్సు ఆగిపోయింది. ఎవరో పెద్దమనిషి పోయాడనుకుని అందులోని వాళ్ళు దిగి, చెప్పులు విప్పి నిలబడ్డారు.

మైదానంలో గోలు కాసేవాడు మిగిలాడు. రేకులో దేవసహాయం మిగిలాడు. లేచి బంతి తన్నమంటే లేవడు. సత్యానందం అతని దగ్గరికి వెళ్ళి వంగాడు.

"లెవ్వు. లేకుంటే ఇంకొకరిని తన్నమంట."

"బావా, ఇందాకటి సంది పిలుస్తున్న. నన్ను ఎవ్వలు పడగొట్టలే."

"మరి?"

"నిక్కరు నాడా తెగింది. కూసుంటే తప్ప ఇజ్జత్ దక్కదని కూసున్న."

సత్యానందం ఇంకా కిందికి వంగాడు. "ధన్‌సింగ్ ఏడుస్తుండు గద?"

"ఆయన నన్ను ముట్టనే లే. ఎందుకేడుస్తుండో నాకు సమజైతలేదు. బావా, ఈ ముచ్చట బయటపడితే మిర్యాలగూడల నేను తిరగలేను."

సత్యానందం రోడ్డు వైపు చూశాడు. అంత జనమూ అతని నోటి వైపే చూస్తున్నారు. భుజం మీది కండువా తీసి బావమరిదికి ఇచ్చి, రోడ్డు దాకా నడిచి వెళ్ళాడు.

"తప్పేం జరగలే. నేనే ఊరికె ఈల ఊదిన. పెనాల్టీ లేదు, ఫ్రీ కిక్కు లేదు."

ముందుగా అతని మీదికి లేచింది ధన్‌సింగే. "నేను ఒప్పుకున్నంక కాదంటవేంది సారూ? అంటే నేను అబద్ధమాడిన్నా?"

"మరి నేను రేకు గురించి అంతసేపు ఎందుకు కొట్లాడినట్టు?" అన్నాడు రామలింగయ్య.

"విరగని కాళ్ళు నాతోని గుంజిపిస్తవా?" అన్నాడు మట్టయ్య.

"నా ముగ్గంత తొక్కిచ్చి ఇప్పుడు ఏం లేదంటవా?" అంది పిచ్చమ్మ. జానమ్మ నూనె గిన్నె సత్యానందం చేతిలో పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది.

సూర్యాపేటవాళ్ళూ మిర్యాలగూడవాళ్ళూ గొంతు కలిపి తిట్టారు. ఒకరికి మాట తట్టకపోతే ఇంకొకరు అందించారు. కండువా నడుముకు గట్టిగా చుట్టుకున్న దేవసహాయం, తన మీద అనుమానం రాకూడదని అందరికంటే గట్టిగా తిట్టాడు. బస్సులో వచ్చినవాళ్ళు సంగతేమిటో తెలియకపోయినా తలా ఒక మాట అని బస్సెక్కారు. చీకటి పడుతుండగా రెండు జట్లూ భుజాల మీద చేతులేసుకుని సత్యానందం ఇంటికే పోయి, జానమ్మ వండిన పప్పు, అన్నం ఒకే పంక్తిలో కూర్చుని తిన్నాయి. ధన్‌సింగ్ తన విస్తట్లోని ఉల్లిగడ్డ దేవసహాయానికి వేశాడు. సత్యానందం వాకిట్లో నూనె గిన్నెతో కూర్చున్నాడు.

చెయ్యి కడుక్కోవడానికి బయటికొచ్చిన రామలింగయ్య అతని పక్కన ఆగాడు. "రెండు ఊళ్ళను కలిపినోన్ని ఎట్ల తీసేస్తం? నీ నౌకరి ఖాయం చేస్తున్న" అని లోపలికి పోయాడు.

వచ్చే ఏటి ఆటకు కూడా సత్యానందమే రిఫరీగా ఉండాలని ఆ పంక్తిలోనే రెండు జట్లూ ఏకగ్రీవంగా తీర్మానించాయి. తిట్టడానికి అంత అనువైన మనిషి మూడు ఊళ్ళలో మరొకడు దొరకడని వాళ్ళ అభిప్రాయం.