రొట్టె ముట్టని అతిథులు

ఆ శనివారం పొద్దున తొల్గనాయ్ వేసుకున్న పథకం ప్రతి శనివారం వేసుకునేదే. పన్నెండింటికి తొమ్మిదిమంది స్నేహితులు వస్తారు. మూడింటిదాకా కిటికీ పక్కన కూర్చుని నవ్వుతారు. మూడు కొట్టగానే ఆరిపోతారు. వాళ్లు అద్దెకు దొరికే వెలుగుబొమ్మలు మరి. ఎదురు టవర్‌లో, సరిగ్గా అదే అంతస్తులో ఉండే తన బడి పిల్ల సమల్‌కు కనబడేలా తెరలు బార్లా తీసి ఉంచడం ఒక్కటే తొల్గనాయ్ చేయాల్సిన పని.

మా ఆల్మటీ నగరంలో డబ్బున్నవాళ్లను అంతస్తులతో కొలుస్తారు. తొల్గనాయ్‌ది తొంభయ్యోది. తండ్రి చంద్రుడి మీద గనులు చూసుకుంటాడు. తల్లి అక్కడే ఉండి ఆయన్ని చూసుకుంటుంది. పదిహేడేళ్ల పిల్లను చూసుకోవడానికి ఇల్లుంది. అదే వండుతుంది, అదే తుడుస్తుంది, పొద్దుపోతే పడుకోమంటుంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు గానీ, అంత ఎత్తుకు ఈగలు కూడా రావు. బడిలో ఎవరైనా శనివారం ఏం చేస్తున్నావని అడిగితే "అబ్బే, ఇంటినిండా జనం" అనేది. సమల్ కూడా అదే మాట అనేది. అందుకని మూడేళ్లుగా ఇద్దరూ ఒకరినొకరు పిలుచుకోలేదు.

ఆ రోజు పన్నెండుంపావుకు, చెప్పాపెట్టకుండా, తరాజ్ ఊరి నుంచి నాయనమ్మ ఉల్మెకెన్ దిగింది. చంకలో తాను కాల్చిన రొట్టెల మూట ఉంది.

"అబ్బో, ఇంతమందే! కూతురు ఒంటరిగా ఉంటుందని మీ నాన్న ఊరికే గోల పెడతాడు. ఈ సందడి చూస్తే వాడి నోరు మూతపడుతుంది!"

బొమ్మల్ని ఆర్పేస్తే ఎదుటి కిటికీలోంచి సమల్ చూస్తుంది. ఆర్పకపోతే నాయనమ్మ పసిగడుతుంది. నాయనమ్మకు చూపు మందం కాబట్టి తొల్గనాయ్ ఆర్పకుండా ఊరుకుంది. ఆమె మర్చిపోయిందల్లా రొట్టె సంగతి. మాలో గడప లోపలికి వచ్చినవాడు, పగవాడైనా సరే, ఓ తునక నోట్లో వేసుకోకుండా వెళ్లడు. వేసుకోలేదంటే ఆ ఇంటితో తెగతెంపులే.

ఉల్మెకెన్ రొట్టెల పళ్లెం పట్టుకెళ్లి పచ్చచొక్కా కుర్రాడి ముందు నిలబడింది. అతను నవ్వాడు. "తిను నాయనా" అంది. మళ్లీ నవ్వాడు. పక్కనున్న పిల్ల ముందు పెడితే ఆమె జుట్టు సవరించుకుంది. తొమ్మిదిమందిలో ఒక్కరూ చెయ్యి చాపలేదు.

"ఏమే, వీళ్లకేమైంది?"

"ఉపవాసం, నానమ్మా."

"రంజాన్ వెళ్లి నాలుగు నెలలైంది!"

"అంటే... పళ్లనొప్పి."

"తొమ్మిదిమందికీనా?"

మూడో అబద్ధం కోసం వెతుక్కుంటూ తొల్గనాయ్ కిటికీ వైపు చూసింది. ఎదుటి ఇంట్లో ఇరవైమంది గంతులేస్తున్నారు. ఆమెకు కడుపు మండిపోయింది. "ఆ ఇంటి పిల్ల సమల్ లేదూ, అదే వీళ్లకి నా మీద లేనిపోనివి చెప్పింది. అందుకే కోపం."

"ఓస్, అంతేనా!" ఉల్మెకెన్ రొట్టెలు మళ్లీ మూట కట్టేసింది. "విడిపోయే కాపురాలే నాలుగు నిలబెట్టాను. ఇద్దరు ఆడపిల్లల్ని కలపలేనా? పద."

"వద్దు నానమ్మా, నీకసలే మోకాళ్లు నొప్పి..."

"మోకాళ్లు నావి. నీకెందుకు? నడు!"

రెండు టవర్లనూ కలిపే వంతెన మీద మనవరాలు ఎన్నిసార్లు అడ్డం తిరిగినా ముసలామె ఆగలేదు. తొల్గనాయ్‌కు ఏడుపొక్కటే తక్కువ. సమల్‌కు తెలిసిందంటే సోమవారానికి బడంతా తెలుస్తుంది, తొల్గనాయ్‌కి లోకంలో ఒక్క స్నేహితురాలు కూడా లేదని. అది నిజం కావడమే ఆమె బాధ.

సమల్ తలుపు సగమే తీసింది. వీళ్లను చూడగానే మొహం పాలిపోయింది.

"ఇప్పుడు కుదరదండీ, ఇంటినిండా జనం!"

"జనముంటే మరీ మంచిది. సాక్ష్యానికి పనికొస్తారు" అంటూ ఉల్మెకెన్ లోపలికి దూరింది. మూట విప్పి ఒక్కొక్కరి ముందూ రొట్టె పట్టింది. ఇరవైమందీ నవ్వారు. ఒక్కరూ ముట్టలేదు.

"ఇక్కడా అలకేనా! అసలీ ఊళ్లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నార్రా?" అంటుండగా కిటికీ దగ్గర పచ్చచొక్కా కనబడింది. "ఒరే! నువ్వు ఇందాక అక్కడున్నావు కదరా! నాకంటే ముందు ఎలా వచ్చావు?"

చెవి మెలిపెడదామని చెయ్యి చాచింది. ఆ చెయ్యి చెవిలోంచి, తలలోంచి అవతలికి వెళ్లిపోయింది. రెండో చేతిలోని రొట్టె నేల మీద పడింది. ఉల్మెకెన్ మెల్లగా వంగి దాన్ని తీసి, ముద్దు పెట్టుకుని, నుదుటికి ఆనించుకుంది.

సమల్ తొల్గనాయ్ వైపు తిరిగింది. "నీదీ అద్దె సరుకేనా?"

"తొమ్మిదిమంది. నీది?"

"ఇరవై. ఎదురింటివాళ్లు చూస్తుంటారు కదా అని."

"ఎదురిల్లు మాదే."

"తెలుసు."

ఇద్దరూ నాయనమ్మ తిట్టే తిట్ల కోసం ఎదురుచూశారు. ఆమె కుర్చీలో కూలబడింది.

"పోయిన మీ తాతయ్య వెలుగుబొమ్మ నా దగ్గరా ఒకటుందే. పాతది, వణుకుతుంటుంది. వీళ్లు ఇంత నిలకడగా ఉండేసరికి పోల్చుకోలేకపోయాను. రోజూ ఎదురుగా కూర్చోబెట్టుకుని కబుర్లు చెబుతాను. రొట్టె మాత్రం ఆయన ముందు పెట్టను."

"ఎందుకు నానమ్మా?"

"పెడితే ముట్టుకోడు కదే. నాతో తెగతెంపులు చేసుకున్నట్టుంటుంది." ఆమె రొట్టె మీది దుమ్ము దులిపింది. "రొట్టె తినే మనిషిని చూద్దామనే రైలెక్కాను."

ముందుగా సమల్ వచ్చి ఓ తునక తుంచుకుంది. తర్వాత తొల్గనాయ్. ముగ్గురూ కిటికీ పక్కన కూర్చుని నమిలారు. మనుషులతో కబుర్లు చెప్పుకోవడం ఇద్దరు పిల్లలకూ మూడేళ్లుగా అలవాటు తప్పింది.

పచ్చచొక్కా కుర్రాడికి మాత్రం మూడింటిదాకా గడువుంది కనుక, ఎవరూ వెయ్యని జోకుకు నవ్వుతూనే ఉన్నాడు.